ముప్పై ఏడు నిమిషాల పన్నెండు సెకన్లు

“అయిపోయింది. ఇక వీడు నిలవడు,” అని టైపు చేశాడు సీటుకవరు.

సైకిల్ పందేల పిచ్చి ఉన్నవాళ్ళ గ్రూపులో అతని పేరు అది. అక్కడ ఎవరి అసలు పేరూ ఎవరికీ తెలియదు. మూడేళ్ళుగా కబుర్లాడుకుంటున్నా తెలిసిందల్లా ఇంతే: టీచరమ్మ బళ్ళో లెక్కలు చెబుతుంది, పళ్ళ డాక్టరు పళ్ళు పీకుతాడు, సీటుకవరుది రోడ్ల మీద తిరిగే ఉద్యోగం.

“నీ నోట ఒక్క మంచిమాట రాదా అన్నయ్యా?” టీచరమ్మ మండిపడింది. “ఇంకా ముగ్గురే మిగిలారు. ముగ్గురూ వెనకబడితే నీళ్ళాయనదే గెలుపు.”

ఆ రోజు పందెంలో అందరూ కలిసి తొక్కరు. రెండేసి నిమిషాల తేడాతో ఒక్కొక్కరినే వదులుతారు. ముప్పై కిలోమీటర్లు ఎవరు తక్కువ సమయంలో తొక్కితే వాళ్ళు గెలిచినట్టు. వెనకబడినవాళ్ళు పొద్దున్నే బయల్దేరతారు, మొనగాళ్ళు చివర్లో. నీళ్ళాయన పదింటికే తొక్కేశాడు. ముప్పై ఏడు నిమిషాల పన్నెండు సెకన్లు. మధ్యాహ్నం మూడు దాటినా అంతకంటే తక్కువలో ఇంకెవరూ రాలేదు.

నీళ్ళాయన అని పేరు పెట్టింది డాక్టరే. పదమూడేళ్ళుగా పందేల్లో పక్కనే తొక్కుతూ జట్టులోని మొనగాళ్ళకు నీళ్ళసీసాలు అందించడమే ఆయన పని. ఒక్కటంటే ఒక్క పందెం గెలవలేదు. వచ్చే ఏడాది జట్టులో ఉంచుకోరని పేపర్లో కూడా పడింది. గెలిస్తే ఇవాళే గెలవాలి.

సీటుకవరు ఒళ్ళో తువ్వాలు, తువ్వాలు కింద ఫోను, ఎదురుగా టీవీ. పని ఎప్పుడో అయిపోయినా ఇంటికి పోనివ్వడం లేదు. మెడలో బ్యాడ్జీ ఉన్న అమ్మాయి గంటకోసారి వచ్చి, “ఇంకాసేపు సార్, మేమే చెబుతాం,” అంటోంది. ఫోను చూడొద్దని కూడా అంది. అందుకే ఈ దొంగచాటు.

“పందెం నడిచేటప్పుడు నువ్వెప్పుడూ కనబడవే! ఇవాళ డ్యూటీ లేదా?” టీచరమ్మ అడిగింది.

“పొద్దున్నే అయిపోయిందమ్మా. ఊరికే ఆపేశారు.”

“నీళ్ళాయనది ఉత్త అదృష్టం,” డాక్టరు తగులుకున్నాడు. “పొద్దున అసలు గాలే లేదు.”

“ఎందుకు లేదు? వంతెన మీద ఎదురుగాలి ప్రాణం తీసింది.”

“నువ్వు చూశావా?”

“ఆ దారినే పోయాను.”

“ఓహో! డ్రైవరుగారు సెలవిచ్చారు. ఇక నేను నోరెత్తను.”

సీటుకవరు ఆ మాటను అలాగే ఉండనిచ్చాడు.

ముగ్గురిలో మొదటివాడు ఎనిమిది సెకన్లు ఆలస్యంగా వచ్చాడు. రెండోవాడు సగం దారిలో అయిదు సెకన్లు ముందున్నాడు. వాడి సైకిల్ చైను తెగిపోతే బాగుండునని సీటుకవరు మనసారా కోరుకున్నాడు, మరుక్షణమే తన మీద తనకే అసహ్యం వేసింది. చైను తెగలేదు కానీ వాడే అలిసిపోయి నాలుగు సెకన్లు వెనకబడ్డాడు.

ఫోను వణికింది. భార్య మెసేజీ: “కాలు ఊపడం ఆపండి.”

ఠక్కున ఆపాడు. పెళ్ళయి పదేళ్ళు. అతని అలవాట్లన్నీ ఆవిడకు కంఠతా వచ్చు.

“టీవీలో నీళ్ళాయన్ని చూపిస్తున్నారు, చూడండి,” డాక్టరు రాశాడు. “పన్ను పీకించుకోడానికొచ్చినవాడిలా ఉంది మొహం.”

“మరి పొద్దుట్నుంచీ ఆ కుర్చీకి అతికించేస్తే ఎలా ఉంటుంది?” టీచరమ్మ అందుకుంది. “ అందరికంటే ముందున్నవాడు అక్కడే కూర్చోవాలట, ఇంకొకడొచ్చి లేపేదాకా. పాడు రూలు!”

సీటుకవరు టీవీ వైపు చూడలేదు. “తొక్కేటప్పుడు కాళ్ళయినా మన మాట వింటాయి. చూసేటప్పుడు ఏదీ వినదు,” అని రాశాడు.

మిగిలింది ఛాంపియన్ ఒక్కడే. సగం దారిలో పదకొండు సెకన్లు వెనక!

“పదకొండు!” టీచరమ్మ ఎగిరి గంతేసినంత పనిచేసింది. “లెక్క కట్టాను. మిగతా దారిలో కిలోమీటరుకు దాదాపు సెకను చొప్పున లాగాలి. ఎవరివల్లా కాదు. ఇప్పుడైనా ఒప్పుకో అన్నయ్యా!”

ముందే చెడు అనేసుకుంటే తీరా జరిగినప్పుడు నొప్పి తెలియదని సీటుకవరు ధీమా. పొద్దుట్నుంచీ అలాగే నెట్టుకొచ్చాడు. పదకొండు అనేసరికి ఆ కట్ట తెగింది. “ఒప్పుకున్నా తల్లీ,” అని రాసేశాడు.

అప్పుడే తెర మీద వంతెన కనబడింది. దాని మీది జెండాలన్నీ ముందుకు రెపరెపలాడుతున్నాయి. గాలి దిశ మారింది. ఛాంపియన్‌ను వెనకనుంచి ఎత్తి తోస్తోంది.

ఏడు సెకన్లు. నాలుగు. రెండు. గీత కనబడుతోంది. సీటుకవరు రెండు చేతులతో తువ్వాలు పట్టుకుని నలపడం తప్ప ఏమీ చెయ్యలేకపోయాడు.

ముప్పై ఏడు నిమిషాల పదకొండు సెకన్లు.

“ఒక్క సెకను,” అన్నాడు డాక్టరు చివరికి. “పీకే పన్ను కూడా ఇంకాసేపు ఆగుతుంది కదయ్యా.”

“నాకు ఏడుపొస్తోంది అన్నయ్యా. ఎన్నడూ కళ్ళారా చూడని మనిషి కోసం ఏడుస్తున్నాను. పిల్లలు చూసి నవ్వుతున్నారు.”

అతనికి అక్షరాలు మసకగా కనబడ్డాయి. రెండుసార్లు తప్పు కొట్టి, మూడోసారికి రాయగలిగాడు.

“ఊరుకో అమ్మా. వాడికిది అలవాటే.”

బ్యాడ్జీ అమ్మాయి మళ్ళీ వచ్చింది.

“సార్, ఇక ఆ కుర్చీ ఖాళీ చెయ్యాలి.”