తొట్టిలో బాగానే తిరిగింది

"అది వద్దు బాబూ. ఏటి మధ్యలో ఆగిపోతుంది."

ఎవరా అని జాలరి వెనక్కి తిరిగాడు.

మోటార్ల కొట్టు గుమ్మంలో ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. మాసిన చొక్కా, దుమ్ము కొట్టుకుపోయిన చెప్పులు. అడక్కుండానే సలహాలిచ్చే రకమని జాలరి తేల్చేసుకున్నాడు.

అసలే పొద్దున్నుంచీ అతని బుర్ర వేడెక్కి ఉంది. పడవ వెనక తగిలించే బ్యాటరీ మోటార్లు కొట్టులో రెండే మిగిలాయి.

ఒకటి కొత్తది, చిన్నది. వలలేసిన పడవని అది లాగీ లాగనట్టు లాగుతుంది. రెండోది ఎవరో వాడి అమ్మేసింది, పెద్దది. ఏరు సముద్రంలో కలిసేచోట నీటి లాగుడుకి ఎదురెక్కగలదు. ధర రెండింటిదీ ఒకటే.

జాలరి కుడి భుజం పాడైంది. ఇక తెడ్డు వేయలేడు. రేపు చేపల వేట మొదలవుతుంది, పడవ కొడుకు చేతికి వెళుతుంది. ఇవాళ మోటారు దొరక్కపోతే పడవ ఇసుకలో బోర్లా పడుకోవాలి, ఇంటిల్లిపాదీ పస్తు పడుకోవాలి.

"ఆగిపోతుందా? చూడండి మరి!" కొట్టు యజమానికి ఒళ్ళు మండింది. పెద్ద మోటారుని నీళ్ళ తొట్టిలో దించి మీట తిప్పాడు.

పంకా గిర్రున తిరిగింది. నీళ్ళు ఎగిరి ముగ్గురి మొహాన పడ్డాయి.

"ఇదేనా ఆగిపోవడం?"

"తొట్టిలో బాగానే తిరుగుతుంది," అన్నాడు పెద్దాయన మొహం తుడుచుకోకుండానే. "చాలాసేపు నడిచి వేడెక్కాక ఆగుతుంది. చల్లారితే మళ్ళీ ఏమీ ఎరగనట్టు తిరుగుతుంది."

"మీకెలా తెలుసు?" అడిగాడు జాలరి.

పెద్దాయన నోరు తెరిచి మూశాడు. గోడకేసి చూశాడు.

"చూశావా అన్నా, నీళ్ళు నములుతున్నాడు," అన్నాడు యజమాని.

జాలరికి విషయం అర్థమైపోయింది. ఇలాంటివాళ్ళని అతను చేపల బేరంలో రోజూ చూస్తాడు. సరుకు బాగాలేదని నలుగుర్నీ బెదరగొట్టి, ఆనక తామే తట్ట ఎత్తుకుపోతారు.

"ఇదే ఇచ్చెయ్ తమ్ముడూ," అన్నాడు యజమానితో. "కాస్త తగ్గించు. మావాడు రేపు మొదటిసారి ఒక్కడే వేటకి వెళుతున్నాడు."

"ఒక్కడేనా?" పెద్దాయన గొంతు మారిపోయింది.

"ఒక్కడే. అయితే మీకేంటి?"

పెద్దాయన గబగబా కొట్టులోకి వచ్చేశాడు.

"రెట్టింపు ఇస్తాను. ఆ మోటారు నాకివ్వండి."

యజమాని మీట తిప్పి మోటారు ఆపేశాడు.

ఇక జాలరి వైపు చూడటం మానేశాడు. అది చూసి జాలరి ముందుకి దూకాడు. ఎడమచేత్తో మోటారు కాడని గట్టిగా పట్టుకున్నాడు. పెద్దాయన రెండు చేతులతోనూ పట్టుకున్నాడు.

"ఆగిపోయేదాన్ని రెట్టింపు పెట్టి కొంటావా? సిగ్గులేదూ?"

"లేదనుకో. వదులు బాబూ."

"ముందు బేరమాడింది నేను!"

"నీకు దణ్ణం పెడతాను, వదులు."

జాలరి కుడిచెయ్యి కూడా వేశాడు. భుజంలో కత్తి దిగినట్టయింది. అతని పట్టు జారింది, మోటారు పెద్దాయన గుండెలమీదికి వెళ్ళిపోయింది. తడిసిన చొక్కాతో దాన్ని అలాగే హత్తుకుని, జేబులో ఉన్న నోట్లన్నీ తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆ చిన్నది తీసుకో బాబూ. నిదానంగా పోయినా ఇంటికి తీసుకొస్తుంది," అన్నాడు. "అబ్బాయి జాగ్రత్త."

అబ్బాయి జాగ్రత్తా! పైగా బెదిరింపు కూడానా! జాలరి ఒంటికాలి మీద లేచాడు.

"నా బిడ్డ నోటి దగ్గర కూడు లాక్కున్నావు. నీకు కొడుకుంటే వాడికి ఆ మోటారు అచ్చిరాదు, చూసుకో!"

పెద్దాయన గుమ్మంలో ఒక్క క్షణం ఆగాడు. తల ఊపాడు. మోటారు భుజానికెత్తుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు.

తిట్టుకి తల ఊపిన మనిషిని జాలరి ఎన్నడూ చూడలేదు. అది అతన్ని ఇంకా రగిలించింది. యజమానిని కూడా నాలుగు దులిపి, పెద్దాయన వెంట పడ్డాడు. అంత బరువుతో ఎంతదూరం పోతాడు? దొరికితే ఈసారి మోటారు లాక్కోవాల్సిందే.

వీధి మలుపులో సుత్తిదెబ్బలు వినిపించాయి. రద్దీలో దారి చేసుకుని పాత ఇనుము కొట్టు దగ్గరికి చేరేసరికి అవి ఎప్పుడో ఆగిపోయాయి.

కొట్టు ముందు నేలమీద మోటారు ముక్కలై పడి ఉంది. పంకా రెక్కలు విరిగాయి. రాగితీగ పేగుల్లా బయటికొచ్చింది. ఇనుము కొట్టాయన సుత్తి పట్టుకుని వీధి చివర మలుపు తిరుగుతున్న బస్సు వైపు చూస్తున్నాడు.

"ఏడీ ఆ ముసలాయన?"

"ఇప్పుడే బస్సెక్కాడన్నా."

"ఇదేంటి? ఎవరు చేశారు?"

"ఆయనే. నేను కొడతానన్నా వినలేదు. ఇనుము డబ్బులిస్తే తీసుకోలేదు. ఇంకెవరి చేతికీ పోకుండా కరిగించెయ్యమన్నాడు, అంతే."

"పిచ్చాడా ఏంటి? నాతో కొట్లాడి మరీ కొన్నాడే!"

"పిచ్చి కాదన్నా. ఇది కంటికి కనబడకూడదని ఇంట్లోవాళ్ళు ఆయనకి చెప్పకుండా అమ్మేశారట. తెలిసిన దగ్గర్నుంచీ ఊరూరా మోటార్ల కొట్లన్నీ గాలిస్తున్నాడు. వేడెక్కితే ఆగిపోతుందని ఆయనకీ ముందు తెలియలేదట, తర్వాత నడిపి చూస్తే తెలిసిందట."

జాలరి ఆ ముక్కల మీదికి వంగాడు.

"అయితే ఇది... ఆయనదేనా?"

ఇనుము కొట్టాయన సుత్తి కింద పెట్టాడు.

"వాళ్ళబ్బాయిదన్నా. పడవ దొరికింది, మోటారు దొరికింది, అబ్బాయే దొరకలేదు."