గీత తర్వాత ఖాళీ

నిరోజన్ రాసిన ప్రోగ్రామ్ ఒక్క పుస్తకం దగ్గర ఆగిపోయింది.

జాఫ్నా గ్రంథాలయంలో పుస్తకాల వివరాలు ఒక తీరుగా ఉంటాయి, కొలంబోలో మరో తీరుగా. ఇక్కడ రచయిత పేరు, పుట్టిన ఏడాది, చనిపోయిన ఏడాది ఒకే వరుసలో రాస్తారు. అక్కడ దేని గడి దానిదే. రెండింటినీ చదివి ఒక్కటిగా కలపడానికి అతను ఏడాదిపాటు కూర్చుని ఆ ప్రోగ్రామ్ తయారుచేశాడు. తేడా వస్తే ఖాళీ గడిని వదిలేసి నిండు గడిని తీసుకోమని అందులో నియమం పెట్టాడు. వేల పుస్తకాలు సాఫీగా దాటాయి. సాయంత్రానికి మొత్తం కొలంబో చేరితే అతని ఉద్యోగం ఖాయం. ఇంట్లో చేపల వల వదిలి చదువుకున్నవాడు అతనొక్కడే.

ఆగింది సత్తియసీలన్ కవితల పుస్తకం దగ్గర. కొలంబో వివరాల్లో 1971–2009 అని ఉంది. ఇక్కడ 1971 పక్కన గీత, గీత తర్వాత ఖాళీ. బతికున్న రచయితలకు అలా వదిలేస్తారు. ఆ ఖాళీని ఎవరూ ముట్టుకోకుండా మలర్ అక్క కంప్యూటర్‌లోనే తాళం వేసి పెట్టింది.

మలర్ అక్క ఆ విభాగానికి పెద్ద. నుదుట రూపాయంత కుంకుమ, నోట్లో ఎప్పుడూ ఒక చురక. తాళం తియ్యమని నిరోజన్ పొద్దున్నుంచీ ఆమెను బతిమాలుతున్నాడు.

“ఆధారం లేకుండా మనిషిని చంపకూడదు తమ్ముడూ. మీ కంప్యూటర్ చదువులో అది చెప్పలేదా?”

“అంత గొప్ప కవా అక్కా ఆయన?”

“గొప్పా? చంద్రుడు లేకుండా నాలుగు పాదాలు నడవలేడు. చదివితే నిద్రొస్తుంది.”

నిరోజన్‌కు ఒళ్లు మండింది. నచ్చని కవి కోసం తన పొట్ట కొట్టడమేమిటి? ఇదంతా తన ప్రోగ్రామ్ మీద కడుపుమంటే అనుకున్నాడు. కొలంబోకు ఫోన్ చేశాడు. అక్కడి ఉద్యోగిని ఆధారం గడి వెతికి చదివి వినిపించింది.

గెలిచిన మొహంతో వచ్చాడు. మలర్ అక్క టీ తాగుతోంది.

“యుద్ధం ఆఖర్న సైన్యానికి లొంగిపోయినవాళ్ల బస్సెక్కాడట అక్కా. మళ్లీ ఎవరికీ కనిపించలేదట. మరణపత్రం కూడా ఉంది. కట్టుకున్న భార్యే సంతకం పెట్టి తీసుకుంది. ఇంకేం కావాలి?”

ఆమె కప్పు కింద పెట్టింది.

“ఆ సంతకం చెల్లదు.”

“భార్య సంతకం చెల్లదనడానికి మీరెవరు?” నిరోజన్ గొంతు లేచింది. విభాగమంతా తలెత్తి చూసింది. “మొగుడు పోయాడని ఏ ఆడదైనా అబద్ధం రాసిస్తుందా అక్కా?”

మలర్ అక్క తెర వైపు తిరిగింది. ముందుకు వంగి తాళం తీసింది. 2009 వచ్చి గీత పక్కన కూర్చుంది. ప్రోగ్రామ్ కదిలి, తర్వాతి పుస్తకానికి వెళ్లిపోయింది.

“ఆ కాగితం ఉంటేనే సాయం ఇస్తామన్నారు తమ్ముడూ,” అందామె, “అప్పుడు నా చంకలో పాప ఆకలికి ఏడుస్తోంది.”