ఎదురు దుకాణం కెమెరా

"కారు నంబర్ లేకుంటే కేసు ఎవలి మీద ఎయ్యాలె, సేటూ?" అన్నాడు దవాఖానకు వచ్చిన వకీలు మధు.

కాశిబుగ్గలో మా దుకాణం ముందే నా భార్య శోభారాణిని కారు గుద్ది ఆగకుండా పోయింది. ఆమె ఇంకా కళ్లు తెరవలేదు. ఇక నాకు మిగిలిన ఆశ ఎదురు దుకాణం మీది కెమెరా ఒక్కటే.

దాని యజమాని ఎల్లస్వామికీ నాకూ వ్యాపారంలో పడదు. లాభం లేనిచోట నేను చేతులు జోడించను. వకీలును వెంటబెట్టుకుని వెళ్లి, ఎల్లస్వామికి జోడించాను.

"తమ్మీ, పాత లొల్లి యాది పెట్టుకోకు. జర ఆ కెమెరాల ఏం పడ్డదో చూపియ్యి."

"అన్నా, అది ఉత్త డబ్బా. దొంగలు భయపడాలని పెట్టిన."

"నా మీది కోపం మీ వదినె మీద తీస్తవా?"

ఎల్లస్వామి స్టూలెక్కి, దాన్ని ఊడదీసి నా చేతిలో పెట్టాడు. వైరు లేదు. బరువూ లేదు.

"నన్నెందుకు అడుగుతవే అన్నా? నీ దుకాణం మీద అసలుది ఉన్నది గద! అది చూసే నేను గీ డబ్బా తెచ్చిన."

వకీలు ముఖం వెలిగింది. "గీ ముచ్చట ముందే చెప్పొద్దా సేటూ! నడువుండ్రి, మీ దాంట్ల చూద్దాం."

చేతిలోని డబ్బాను స్టూలు మీద పెట్టాను. మా దుకాణం మీదున్నది ఇంతకన్నా చవక డబ్బా.