పది లక్షల మూడు

కొత్త పైసలు వచ్చిన ఏడాది, మూకండపల్లి కేశవప్ప కులపెద్దల ముందు బావమరిది చేతిలో తాంబూలం పెట్టాడు.

"అక్క కూతురు నీకేలే ఈరప్పా, కాదనను. అయితే ఒక లెక్క ఉంది. పది లక్షల మూడు. ఒకటిని పక్కనపెట్టి, ఏ రెండు అంకెల్ని హెచ్చిస్తే అది వస్తాదో కనుక్కోని రా. ఆ దినమే లగ్నం పెట్టుకుందాం."

ఆ అంకె చెప్పడానికి ఆయన రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

ఈరప్ప ఎగిరి గంతేసినంత పని చేశాడు. కుందారపల్లి గొర్రెలకాపరుల్లో ఎనిమిదో తరగతి దాకా చదివింది అతనొక్కడే. పైగా మేనమామ హక్కు, ఎగ్గొడితే కులం ఊరుకోదు. తాంబూలం కళ్లకద్దుకుని తీసుకున్నాడు. పెద్దల ముందు తీసుకున్నాక ఇక ఆ మాట దాటడానికి లేదు.

రెండుతో పోలేదు. మూడుతో పోలేదు. ఏడుతో భాగిస్తే నాలుగు మిగిలింది. పదకొండుతోనూ నాలుగే, పదమూడుతోనూ నాలుగే. ఈ నాలుగు శనిలా పట్టుకుందే అని తిట్టుకున్నాడు.

హోసూరు సంతకు వచ్చినప్పుడల్లా కాగితాల కట్టతో పక్కనే మూకండపల్లిలో ఉన్న అక్క ఇంటికి వెళ్లేవాడు. అక్క కూతురు మునిలక్ష్మి కాఫీ తెచ్చి ఎదురుగా కూర్చునేది.

"యాడిదాకా వచ్చింది మామా?"

"వెయ్యి దాటినానమ్మా."

"ఇంకా ముందుంటాదేమో. ఒక్క అంకె గూడా విడవద్దు మామా" అంటూ తన పాత నోటుబుక్కుల్లోంచి తెల్ల కాగితాలు చించి ఇచ్చేది.

ఈరప్ప కరిగి నీరైపోయేవాడు. తన మీద ఇంత మనసున్న పిల్ల ఎవరికి దొరుకుతుంది? తళి నుంచి వచ్చిన మంచి సంబంధం తిప్పికొట్టాడు. భాగహారాల్లో పడి మందను గాలికొదిలేస్తే సగం గొర్రెలు రోగమొచ్చి చచ్చాయి. చూపు మందగించింది. తల నెరిసింది. ఈలోగా మునిలక్ష్మి ఎస్.ఎస్.ఎల్.సి. పాసై, ట్రైనింగు ముగించి, టీచరమ్మ అయింది. కాబోయే పెళ్లాం టీచరని ఊరంతా చెప్పుకుని మురిసిపోయాడు పిచ్చివాడు.

ఒకరోజు కృష్ణగిరి బస్సులో పక్కన కూర్చున్న లెక్కల మాస్టారు ఆ కాగితాలు చూసి జాలిపడ్డాడు.

"వెయ్యిని వెయ్యితో హెచ్చిస్తేనే పది లక్షలు. రెండు అంకెలూ వెయ్యికి పైనే అయితే నీ లెక్క దాటిపోతాది. ఒకటన్నా వెయ్యి లోపల ఉండాల. ఆడ లేదంటే ఇంక యాడా లేదు. అది దేనితోనూ తెగని అంకెప్పా."

ఈరప్ప దిగి, ఎదురొచ్చిన హోసూరు బస్సెక్కాడు.

"తెగదని తెలిసే పెట్టినావు గదా బావా? నా బతుకు బుగ్గి చేసినావు. నేను పోతే పోయినాను, పాపం ఆ పిల్ల గూడా నాకోసమని ఇన్నేండ్లు కాచుకోని ఉండాది."

కేశవప్ప తల దించుకున్నాడు.

"నాకు యాడ తెలుస్తాదప్పా ఇవన్నీ? వెయ్యి లోపల అంకెలన్నిటితో తానే భాగించి చూసుకోని, దేనితోనూ పోదని తేలినాక, ఇదే అడగమని నాకు నేర్పించి పెద్దల ముందుకు పంపించింది మునిలక్ష్మే."