బండల చుట్టుదారి

తెల్లవారుతుండగా ముగ్గురూ యూనివర్సిటీ హాస్టళ్ల వెనక పడిపోయిన ప్రహరీ సందులోంచి లోపలికి దిగారు. ముందు బిక్షపతి. వెనక అతని అక్క స్వరూప. ఆ వెనక నరేందర్. తార్నాకలో జిరాక్స్ దుకాణం నడిపే నరేందర్ రోజూ బిక్షపతితో, అతని బావతో కలిసి నడిచేవాడు.

స్వరూప భర్త ప్రేమ్ కుమార్ కనిపించడం లేదు.

నిన్న సాయంత్రం అతను రామంతాపూర్‌లో చెల్లెలింటికి పోతున్నానని, రాత్రి అక్కడే పడుకుంటానని చెప్పి బయలుదేరాడు. బిక్షపతికీ ఫోన్ చేసి, ఆ సాయంత్రం వాకింగ్‌కు రానన్నాడు. ఇంకా తెల్లారకముందే చెల్లెలు ఫోన్ చేసింది. "వదినా, అన్న రాలేదేంది? రాత్రంతా అన్నం వండి పెట్టుకొని కూసున్న" అంది. స్వరూప ప్రేమ్ కుమార్‌కు ఫోన్ కలిపింది. స్విచాఫ్. వాకిట్లో చూస్తే చెప్పులున్నాయి. నడకకు వేసుకునే బూట్లు లేవు.

ఆ మాట చెప్పగానే బిక్షపతి ఇంకేమీ అడగలేదు.

"బండల దిక్కు పోదాం అక్కా" అన్నాడు.

యూనివర్సిటీ వెనక ఆ చుట్టుదారి చూడనివాళ్లు నగరం మధ్యలో అలాంటి అడవి ఉందంటే నమ్మరు. పైబండ ఎక్కితే మెట్రో రైలు కనబడుతుంది. నాలుగడుగులు దిగితే తుప్పలు, సీతాఫలం చెట్లు, నెమళ్ల అరుపులు. బండ మీద బండ, వాటి మధ్య చీలికలు. ఒక చోట మొదలుపెట్టి గుట్టంతా చుట్టి మళ్లీ అక్కడికే రావాలి.

దారి రెండుగా చీలిన చోట బిక్షపతి ఎడమకు తిరిగాడు.

"అందరం కుడి దిక్కు నుంచే తిరుగుతం గదన్నా. ప్రేమన్న గూడ అట్లనే పోయి ఉంటడు" అన్నాడు నరేందర్.

"ఇటు దగ్గర."

"దేనికి దగ్గర?"

"పెద్దబండలకు. జారితే గాడనే జారాలె."

స్వరూప చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుంది. కంపలు చేతులు గీరుతున్నా ఆగడం లేదు. భయమేసినప్పుడు ఆమెకు మాటలు ఎక్కువవుతాయి.

"వద్దంటే వినడు. షుగరున్నది, నడువమన్నడు డాక్టరు. మేక లెక్క బండలెక్కమన్నడా? చెల్లెలింటికి పోయేటోడు తిన్నగ పోవొద్దా? ఒక్క చుట్టు తిరిగి పోదామనుకున్నడేమో. దొరకనీ, చెప్త ఈయన సంగతి."

తమ్ముడు అడ్డమొచ్చిన కంపను పక్కకు వంచి పట్టుకున్నాడు.

"నిన్న నువ్వు రాలేదా తమ్మీ వాకింగ్‌కు?"

"వచ్చిన."

"ఒక్కనివేనా?"

"నరేందర్‌కు దుకాణంల పనుండె. మనిషి అనేటోడు కనపడలే అక్కా."

నరేందర్ రెండు అరచేతులూ నోటికి అడ్డం పెట్టుకుని పిలిచాడు. "ప్రేమన్నా..." బండలు ఆ పిలుపును తిప్పి తిప్పి వెనక్కి పంపాయి. ఎక్కడో పిట్టలు లేచాయి.

"ఇంకోసారి పిలువు" అన్నాడు బిక్షపతి.

పిలిచాడు.

"ఇంకోసారి."

"నువ్వు పిలువరాదన్నా. నీ బావనే గదా."

బిక్షపతి నోరు తెరిచాడు. మళ్లీ మూశాడు. చెయ్యి ఊపి ముందుకు నడిచాడు. అతను రాళ్లకు తట్టుకుని తూలడం వెనక నుంచి నరేందర్‌కు కనబడుతూనే ఉంది. రాత్రి నిద్రలేక అనుకున్నాడు. కళ్లు కూడా అలాగే ఉన్నాయి, ఎర్రగా.

అప్పుడు స్వరూప పిలిచింది. పెళ్లయినప్పటి నుంచి "ఏమయ్యా" తప్ప మొగుణ్ణి పేరు పెట్టి పిలిచిన మనిషి కాదు. "ప్రేమ్ కుమార్..." అని గుట్టంతా వినబడేట్టు పిలిచింది. పిలిచాక తన గొంతుకు తనే ఉలిక్కిపడి కొంగు నోట్లో కుక్కుకుంది.

పెద్దబండల దగ్గర బిక్షపతి ఆగిపోయాడు. ముందుకు పోలేదు, కిందికి చూడలేదు. వేలితో కింది చీలికను మాత్రం చూపించాడు.

నరేందర్ బోర్లా పడుకుని చీలికలోకి తొంగి చూశాడు.

"బూటు కనబడుతున్నది" అన్నాడు మెల్లగా.

రెండు బండల మధ్య ప్రేమ్ కుమార్ ఒరిగి ఉన్నాడు. ఒక కాలు మోకాలి దాకా ఇరుక్కుపోయింది. తొడ దగ్గర ప్యాంటు మీద నెత్తురు నల్లగా గడ్డకట్టింది. పగిలిన ఫోను పక్కనే ఉంది. అందినంత మేరకు బండ మీద నెత్తుటి వేళ్ల గీతలున్నాయి. పైన మనుషులు నడిచే దారి అక్కడికి చెయ్యెత్తు దూరం కూడా లేదు.

నరేందర్ నడుముకు కండువా కట్టుకుని దిగాడు. అంగీ లోపలికి చెయ్యి పోనిచ్చి ఛాతీ మీద పెట్టాడు. చాలాసేపు తియ్యలేదు. తరువాత పైకి చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఒంట్ల వేడి ఇంకా ఉన్నదక్కా."

"అంటే?"

"తెల్లారగట్ల దాకా పానంతోని ఉన్నడు."

స్వరూప ఏడవలేదు. బండ అంచున కూలబడి కిందికి చూస్తూ ఉండిపోయింది. ఎండ మెల్లగా చీలికలోకి దిగుతోంది. తార్నాక వైపు నుంచి బస్సుల హారన్లు మొదలయ్యాయి.

"అంతసేపు ఒర్రకుండ ఉంటడా?" అంది చివరికి, ఎవరినీ చూడకుండా. "పొద్దుమూకి ఈ దారిన ఎవరో ఒకరు పోతనే ఉంటరు గదా. సావుబతుకుల మనిషి పిలుస్తుంటే ఇని గూడ పలుకనోళ్లుంటరా తమ్మీ?"

బిక్షపతి అక్క పక్కన కూర్చోలేదు. దారి మీదే, నిలబడిన చోటే, తల పట్టుకుని మోకాళ్ల మీదికి ఒంగిపోయాడు.

నిన్న మసకచీకట్లో, రామంతాపూర్‌లో ఉండాల్సిన బావ గొంతు ఆ చీలికలోంచి "బిక్షపతీ" అని రెండుసార్లు పిలిస్తే, మూడోసారి పిలిస్తేనే మనిషి, లేకుంటే దయ్యమని చిన్నప్పుడు అవ్వ చెప్పింది తలచుకుని, అతను ఊపిరి బిగబట్టి ఆ మూడో పిలుపు కోసం ఇక్కడే నిలబడి, అది రాకపోయేసరికి వెనక్కి చూడకుండా ఇంటికి పోయాడు.