నిలదీత

గనిలోకి వరద నీళ్లు దూరి అన్నయ్య లోపలే చిక్కుకుపోయాడు. ఇక లాభం లేదంటూ మేనేజరు నీళ్లు తోడే మోటార్లు ఆపించేశాడు. "దేవుణ్ణి నమ్ముకోండమ్మా" అని అమ్మకు చెప్పి, ఆఫీసులోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

అమ్మ గేటు పక్కన బురదలోనే చతికిలబడి బైబిలు తెరిచింది. నీళ్లలో కూడా నీకు తోడుంటానన్న వాక్యాన్నే గొంతెత్తి మళ్లీ మళ్లీ చదవసాగింది.

నాకు ఒళ్లు మండిపోయింది. గేటు బాది బాది నా అరచేతులు అప్పటికే కమిలిపోయాయి.

"ఆపమ్మా! అన్నయ్య నీళ్లలో ఉంటే నీకిక్కడ ఓదార్పు కావాల్సొచ్చిందా?"

అమ్మ తలెత్తింది. ఆ కళ్లలో తడి లేదు. అమ్మ అంత కోపంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

"ఓదార్పు ఎవరిక్కావాలే? తోడుంటానని మాటిచ్చాడు కదా! నా కొడుకు దగ్గరున్నావా లేదా అని నిలదీస్తున్నా."

"అసలు దేవుడే లేడేమో!"

"లేనివాడితో ఎవరైనా పోట్లాడతారా? ఉన్నాడు కాబట్టే అరుస్తున్నా. మీ అన్న లోపల ఒంటరిగా లేడు."

ఆ మాటతో పొద్దుటి నుంచి రాని ఏడుపు ముంచుకొచ్చింది. ఏడుస్తూనే అమ్మ చేతిలోని పుస్తకం అందుకున్నాను. ఆఫీసు కిటికీ వైపు తిరిగి, మోటార్లు మళ్లీ మొదలయ్యేదాకా అమ్మకన్నా గట్టిగా చదివాను.