ముందు అది చూపించుకురా

"ముందు ఇతని తల సంగతి చూపించమ్మా. మతి స్థిమితం లేనివాళ్ళను ఇక్కడ చేర్చుకోం."

అది మదనపల్లెలో తాగుడు మాన్పించే కేంద్రం. డాక్టరు తలెత్తకుండానే చీటీ రాసేశాడు. వరండాలో ఇంకా నలభై మంది ఉన్నారు మరి, ఒక్కొక్కరికీ తలెత్తుతూ కూర్చుంటే అయినట్టే!

రాజమ్మ భర్త మునెప్పది నిమ్మనపల్లె దగ్గర టమోటా సేద్యం. రెండేళ్ళుగా ఆయన చెవిలో ఎవరో తిడుతున్నారు. ఆ గొంతు వినపడకుండా తాగుతాడు. మత్తు దిగితే గొంతు ఇంకా గట్టిగా లేస్తుంది. మొన్న బావి గట్టున నిలబడి, "వస్తాండా, ఉండు" అని ఎవరికో జవాబు చెబుతుంటే రాజమ్మ పై ప్రాణాలు పైనే పోయాయి. పంచె పట్టుకుని వెనక్కి లాగింది.

గురువారం కుప్పం బస్సెక్కించింది. పుంగనూరు బస్టాండులో "ఇప్పుడే వస్తా" అని దిగిన మునెప్ప, ఒంటేలుతో పాటు ఓ క్వార్టరు కూడా ముగించుకొచ్చాడు.

కుప్పంలోది మనసు జబ్బులకు మందిచ్చే క్లినిక్కు. లోపలికెళ్ళి డాక్టరును చూడగానే రాజమ్మ మళ్ళీ బయటికొచ్చి బోర్డు చూసుకుంది. తిరిగి లోపలికెళ్ళి విషయం చెప్పింది.

"వాసన కొడుతున్నాడు. ముందు తాగుడు మాన్పించుకురా. తాగేవాళ్ళకు ఇక్కడ మందు రాయం."

ఇక్కడా తలెత్తడం లేదు.

సోమవారం మదనపల్లె, గురువారం కుప్పం. మూడు వారాలు తిరిగారు. బస్సు కండక్టరు సైతం "బాగుండావా మునెప్పా?" అని పలకరిస్తున్నాడు. డాక్టరు మాత్రం ప్రతిసారీ "కొత్త పేషెంటా?" అనే అడుగుతాడు.

నాలుగో గురువారం రాజమ్మకు కడుపు మండిపోయింది.

"మీరేమో తాగుడు మాన్పించుకోని రమ్మంటారు. ఆడికి పోతే తల బాగుచేయించుకోని రమ్మంటారు. మేం యాడికి పోయి సావాల సార్?"

డాక్టరుకు చిర్రెత్తుకొచ్చింది. "అట్లా అన్న మహానుభావుడెవరమ్మా? ఈ రెండు జబ్బులూ ఒకదాన్నొకటి పెంచుతాయని తెలియదా? రెండిటికీ కలిపి వైద్యం చెయ్యాలని తెలియదా? డిగ్రీ కొనుక్కున్నాడా?"

"అంత మాట అనొద్దు సార్, పెద్ద సదువు సదివినోళ్ళు," అంటూ రాజమ్మ సిగ్గుతో చచ్చిపోయింది.

మునెప్ప కిసుక్కున నవ్వాడు.

"ఊరికే నవ్వుతున్నాడు," అని డాక్టరు కాగితం మీద రాసుకున్నాడు. "వాడి చీటీ మీద ఫోన్ నంబరుంటుంది కదా? కలుపు. నాలుగు కడిగేస్తాను."

"వద్దులే సార్... బాగుండదు."

"నీకెందుకు భయం? నేనున్నాను. కలుపమ్మా!"

రాజమ్మ సంచిలోంచి ఫోనూ, మదనపల్లె చీటీ తీసి, ఒక్కో అంకె చూసుకుంటూ నొక్కగానే డాక్టరు జేబులో ఫోను మోగింది.